పేరు లేని నూనె

మా అత్త పోయిన కబురు నాకు గానుగ చప్పుడుతో కలిసి వచ్చింది.

కోవిల్‌పట్టిలో నేను కామర్సు టీచర్ని. పన్నెండో తరగతి గదిలోంచి బయటికొచ్చి చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటుంటే ఫోను మోగింది. విరుదునగరు నుంచి మా బావ, అంటే అత్త కొడుకు. "అమ్మ పొయ్యింది" అన్నాడు. ఆ రెండు మాటల వెనకాల రోలూ రోకలీ ఒరుసుకునే పాత మూలుగు వినిపిస్తూనే ఉంది. దుఃఖం కంటే ముందు నాకు ఒళ్ళు మండింది.

"ఏం బావా, అమ్మ పోతే గానగ ఆడిస్తా ఉండావా?"

"రోట్లో నూగులు పడుండాయి. సగంలో ఆపితే బిగుసుకోదా? ఆమె కండ్లు మూసేప్పుడు కూడా గానగ తిరగతానే ఉండె. ఇప్పుడు ఆపితే లేసొచ్చి తిడతాది. నువ్వు బస్సెక్కు."

ఆ మాటకు ఏడుపొచ్చింది. చచ్చిపోయాక కూడా లేచొచ్చి తిట్టగల మనిషి ఎవరైనా ఉంటే అది మా అత్తే.

ఆమె మా నాన్నకు అక్క. కడంబూరు పక్కన నల్లరేగడి పల్లెలో పుట్టి, విరుదునగరులో నూనె మిల్లు వాళ్ళింటికి పెద్దకోడలుగా వెళ్ళింది. కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు మా మామ, అంటే ఆమె భర్త, ఆమెను మిల్లంతా తిప్పి చూపించాడట. యంత్రాలు, డబ్బాల వరసలు, లారీలు. అన్నీ చూసి అత్త, "అంతా బానే ఉండాది, నూనె యాడ?" అందట. మామ నవ్వి అరచేతిలో ఇంత నూనె పోశాడట. ఆమె అందరి ఎదుటా నాకి, "ఇది నిజం" అందట. ఆ తర్వాత ఆయన ఎన్ని నగలు చేయించినా ఆమె చెప్పుకున్నది మాత్రం ఆ అరచేతి నూనె గురించే.

అదే ఆమెకు అలవాటైపోయింది. ఎవరొచ్చినా "చెయ్యి చాపు" అనేది. చిన్న గరిటెతో నువ్వుల నూనె అరచేతిలో పోసేది. నాకాలి. నాకి, మిగిలిన జిడ్డు మోచేతులకు రాసుకోవాలి. కుశల ప్రశ్నలు ఆ తర్వాతే. పోస్టుమాను కానీ, కరెంటు రీడింగు తీసేవాడు కానీ, ఎవరికీ మినహాయింపు లేదు. నా పెళ్ళిచూపులు అత్త ఇంట్లోనే జరిగాయి. అబ్బాయి తరఫు వాళ్ళంతా దోసిట్లో నూనెతో, కాఫీ గ్లాసు ఎలా అందుకోవాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో అనుమానం లేకుండా నాకినవాడు అబ్బాయి ఒక్కడే. "వీన్ని చేసుకో, రుచి తెలిసినోడు" అంది. చేసుకున్నాను. అత్త లెక్క తప్పలేదని ఆయన ముందు ఒప్పుకోను గానీ ఇక్కడ రాయడానికి ఇబ్బంది లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సాత్తూరు దాకా నా మనసులో తిరిగింది ఒకటే. పోయిన వారమే కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి వెళ్ళాడు. అత్త గానుగ షెడ్డునూ, వెనకున్న పెరటినీ కొంటామన్నాడు. ఇన్నేళ్ళూ వాళ్ళు అడగడం, అత్త తరిమేయడం మామూలే. కానీ ఈసారి అత్త మంచంలో ఉంది. బావ కాదనలేదు, ఆలోచించి చెప్తానన్నాడు. అతని తప్పు పట్టలేను. మోకాళ్ళు అరిగిపోయాయి, మూటలెత్తే మనిషి దొరకడు, గానుగ మీద వచ్చేది ఇల్లు గడవడానికే సరిపోతుంది. ఇన్నాళ్ళూ కాదన్న మనిషి ఇప్పుడు లేదు. కాష్ఠం ఆరకముందే సంతకం అయిపోతుందేమోనని నాకు భయం.

ఆ కంపెనీ సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మామ వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. మిల్లు వాళ్ళ నాయన పెట్టింది. డబ్బా మీద బొమ్మ ఆయన భార్యది, అంటే మా అత్తకు అత్తగారు. మేమంతా అవ్వ అనేవాళ్ళం. భుజాల దాకా సాగిన చెవి తమ్మెలు, వాటికి వేలాడే బరువైన బంగారు నగలు, పళ్ళు లేని నోరు గట్టిగా మూసుకుని ఎవరి మీదో కోపంగా ఉన్న ముఖం. బజార్లో "అవ్వ మార్కు" అంటే చాలు. అంత కోపంగా ఉన్న ముసలిది కల్తీ చేయనివ్వదని జనం నమ్మకం.

మామ పోయాక కంపెనీ వచ్చింది. మొదట కొనడానికి రాలేదు. "మీ యంత్రాలు, మా డబ్బాలు, మాకు కూలికి ఆడించిపెట్టండి" అని వచ్చింది. మరుదులిద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. కొన్నాళ్ళకు మిల్లులో సగం పని కంపెనీదే అయింది. అప్పుడు ఆ పని హఠాత్తుగా తగ్గించేశారు. కూలికి అలవాటుపడ్డ మిల్లు ఊపిరాడక కొట్టుకుంటుంటే, మళ్ళీ వచ్చి, "మీ భారం మేము మోస్తాం, అమ్మేయండి" అన్నారు. కొరత పెట్టిందీ వాళ్ళే, దయ చూపిందీ వాళ్ళే. ఈ వరస నాకు ఇప్పుడు అర్థమైనంత అప్పట్లో అర్థం కాలేదు. అత్తకు అప్పుడే అర్థమైంది.

కాగితాలు పట్టుకుని కంపెనీ మనిషి ఇంటికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మర్యాద తెలిసిన మనిషి, తమిళంలో మెత్తగా మాట్లాడాడు. అత్త అతన్ని కూర్చోబెట్టి, "చెయ్యి చాపండి" అంది. కుడి అరచేతి నిండా నూనె పోసింది. అతను పెన్ను తీయలేడు, సంచీ విప్పలేడు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి నాకి, "బాగుందమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు, ముఖంలో తెలిసింది.

"బాగుంటే ఆడించుకుని తీసుకుపోండి. మిల్లు ఎందుకు?" అంది అత్త తమిళంలోనే. తర్వాత రెండు చేతులూ అతని ముందు చాపింది. వేళ్ళ సందుల్లో నూనె మెరుస్తోంది. "నూనె చేత్తో కాగితం ముట్టకూడదు. నా చేతులకు ఎప్పుడూ నూనే. నేను ఎక్కడ సంతకం పెట్టేది?"

ఆమె పెట్టలేదు. మరుదులు పెట్టారు. ఇద్దరి మాట ముందు ఒకరి మాట చెల్లదు కదా. పేరు, బొమ్మ, పెద్ద మిల్లు, అన్నీ పోయాయి. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరిని కదిపినా నా మాట కాదు, తమ్ముడి మాటంటారు, తమ్ముడేమో ఆడిటరు మాటంటాడు. తిలాపాపం తలా పిడికెడు. అత్త మాత్రం తన వాటాకు డబ్బు వద్దంది. మిల్లు పెరట్లో మూలన పడున్న పాత కొయ్య గానుగ, దాని మీది రేకుల షెడ్డు, ఆ కాస్త స్థలం అడిగింది. ఒకప్పుడు ఎద్దు తిప్పిన గానుగ అది, తర్వాత మోటారు బిగించారు. కంపెనీ వాళ్ళు మారుమాట లేకుండా ఇచ్చేశారు.

"వాండ్లు చెత్త అని ఇడిసినారు. నేను గానగ అని తీసుకుంటిని" అనేది అత్త.

ఒక్క షరతు పెట్టారు. ఆమె ఆడించే నూనెకు అవ్వ మార్కు అన్న పేరు కానీ బొమ్మ కానీ వాడకూడదు. "ఉంచుకోండి, పేరును పొయ్యి మీద పెడితే పూరీ పొంగుతుందా?" అంది. అందుకే ఆమె నూనెకు పేరు లేదు. డబ్బా లేదు, చీటీ లేదు. అంగళ్ళ వాళ్ళు పెట్టుకోలేదు. జనమే వచ్చారు. తిరుచ్చులి నుంచీ, సాత్తూరు పల్లెల నుంచీ తమ చేలో పండిన నువ్వుల మూట బస్సులో వేసుకుని, వెంట ఖాళీ క్యాన్లు తెచ్చుకుని వచ్చేవాళ్ళు. గానుగ ఎదురుగా కూర్చోవాలి. తమ నువ్వులు రోట్లో పడటం తమ కళ్ళతో చూడాలి. నూనె, తెలగపిండి రెండూ వాళ్ళవే, ఆడించిన కూలి మాత్రం ఇంటిది. పక్కవాళ్ళ నూనెలో వేలు కూడా పెట్టకూడదన్నది ఆమె చట్టం. ఒకసారి మా అమ్మాయి ఎవరిదో గిన్నెలో చిటికెన వేలు ముంచి నాకితే, దానికి అత్త చెప్పిన పాఠం సాయంత్రం దాకా సాగింది.

కంపెనీ కథ అక్కడితో ఆగితే ఎంత బావుండు. మమ్మల్ని కొన్నది పక్క జిల్లా కంపెనీ. దాన్ని బొంబాయి కంపెనీ కొన్నది. ఆ బొంబాయి దాన్ని సముద్రం అవతలి కంపెనీ తనలో కలుపుకుంది. చేతులు మారిన ప్రతిసారీ ప్యాకెట్టు మీద అవ్వ కూడా మారింది. మొదటి వాళ్ళు చెవి నగలు తీసేశారు. రెండో వాళ్ళు ముడతలు చెరిపి, పళ్ళు పెట్టారు. మూడో వాళ్ళు ఆమెను తెల్లగా చేసి నవ్వించారు. బతికున్నన్నాళ్ళూ ఫోటోకి కూడా నవ్వని మనిషిని! ఆ కొత్త ప్యాకెట్టు చూసిన రోజు అత్త దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత, "ఇంకొకడు కొంటే మా అత్తకు గౌను తొడుగుతారు" అంది.

విరుదునగరు మిల్లు మూసేసి, యంత్రాలు విప్పి పాత ఇనుముకు వేశారు. ఖాళీ అయిన ఆ స్థలాన్ని మొత్తంగా అమ్ముకోవడానికి అత్త షెడ్డొక్కటే అడ్డం. అవ్వ మార్కు నూనె ఇప్పుడు ఎక్కడో రేవు పక్కన, ఓడల్లో దిగినదానితో కలిసి తయారవుతుంది. ప్యాకెట్టు వెనక సన్నటి అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది, భూతద్దం ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని ఊరికే అన్నారా?

నేను పిల్లలకు చెప్పే పాఠాల్లో ఇదీ ఒకటి. కంపెనీలు ఒకదాన్నొకటి కొనడం, ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం. అందులో నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ పెట్రోలు కంపెనీలది. ఒక ఆదివారం అత్త చేటలో నువ్వులు చెరుగుతూ, "నీ బడిలో ఏం చెప్తావో నాకూ చెప్పవే" అని అడిగింది. చెప్పాను. భూమిలోంచి తీసే నూనె ధర పడిపోయినప్పుడు, అప్పు చేసి బావులు తవ్విన చిన్న కంపెనీలకు ఊపిరాడదు. చేతిలో డబ్బున్న పెద్ద కంపెనీ అంతదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. అప్పుడు వెళ్ళి కొంటుంది. ఆ కంపెనీతో పాటు దాని బావులు, గొట్టాలు, పెట్రోలు బంకులు, గిరాకీ, అన్నీ వచ్చేస్తాయి. రెండు ఆఫీసులు ఒకటవుతాయి, ఒక ఆఫీసు జనం ఇంటికి పోతారు. ఆ తర్వాత రెండు పెద్దవి "సమానంగా" కలుస్తున్నామని చేతులు కలిపి ఫోటో దిగుతాయి. కొన్నాళ్ళకు చూస్తే బోర్డు మీద ఒకరి పేరే ఉంటుంది.

"అట్లయితే వాండ్లు బాయి తవ్వరా?"

"తవ్వుతారత్తా. కానీ తవ్వినవాణ్ణి కొనేది సులువు. బావిలో నూనె పడిందా లేదా అన్నది అప్పటికే తెలిసిపోయుంటుంది కదా."

అత్త చేట ఆపింది. "మన ఇంట్లో జరిగినదీ అదే కదే. మీ మామ వాళ్ళ నాయన బాయి తవ్వె. వాండ్లు వచ్చి మనల్ని తవ్విరి." మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. "బండికి పోసే నూనెయితే ఏమి, తలకు పోసే నూనెయితే ఏమి. పెద్దోళ్ళ ఆకలి ఒకటే."

ఆ మాట నేను క్లాసులో ప్రతి ఏడూ చెప్తాను. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయండి అంటాను, మార్కులు కావాలి కదా. ఖర్చు తగ్గును, సామర్థ్యం పెరుగును, వినియోగదారునికి మేలు కలుగును. రాసేసి బయటికొచ్చాక మీ ఊళ్ళో ఏ మిల్లు మూతపడిందో అడిగి తెలుసుకోండి అని కూడా అంటాను. దీని మీద హెడ్మాస్టరు ఒకసారి నన్ను పిలిచి అడిగారు. ఆయనకూ అదే చెప్పాను.

అత్త గురించి మంచే రాస్తే ఆమే ఒప్పుకోదు. మొండి మనిషి. పొగడ్త అన్నది ఆమె నోట్లోంచి రాదు. బావ వడకట్టే యంత్రం కొందామంటే వద్దంది, సీసాల్లో పోసి మదురైకి పంపుదామంటే వద్దంది. కోడలితో మాట్లాడిన దానికంటే గానుగతో ఎక్కువ మాట్లాడింది. వాళ్ళు ఆ మొండితనం కింద నలిగారు. నాకు అది చుట్టపుచూపుగా వచ్చినప్పుడు చూసే వేడుక. రోజూ మోసినవాళ్ళకు అది బరువే.

కానీ ఆ మొండితనమే ఆ షెడ్డును నిలబెట్టింది. గోడకు అవ్వ ఫోటో ఉండేది. అసలు అవ్వ, చెవి నగలతో, కోపంతో. దానికి రోజూ పూలు, బొట్టు. ఒకరోజు కంపెనీ వకీలు నోటీసు వచ్చింది. ఆ ముఖం కంపెనీ సొత్తు, వ్యాపారస్థలంలో జనానికి కనబడేలా పెట్టకూడదు అని. నోటీసు చదివి వినిపించింది నేనే.  అత్త విరగబడి నవ్వింది.

"మా అత్త మొగం చూసేదానికి నేను వాండ్లను అడగల్నా?"

ఆ కంపెనీ మనిషే మళ్ళీ వచ్చాడు. కంపెనీలు మారినా అతను మారలేదు, మిల్లుతో పాటు అతన్నీ కొంటూ వచ్చినట్టున్నారు. అత్త స్టూలు తెచ్చి గోడ దగ్గర వేసింది. "ఎక్కండి. మీ చేత్తోనే దించుకుని తీసుకుపోండి" అంది. నువ్వులు ఆడించుకోవడానికి వచ్చిన రైతులంతా లేచి నిలబడ్డారు. అతను చెప్పులు విప్పాడు. స్టూలు దాకా వెళ్ళాడు. బొట్టు పెట్టి, పూలు వేసిన, చచ్చిపోయిన పెద్దావిడ ఫోటో అది. ఈ నేల మీద పుట్టినవాడెవడు దాన్ని దించుతాడు? అప్రయత్నంగా దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేశాడు. ఆ నోటీసు మళ్ళీ రాలేదు.

ఇంకోసారి షెడ్డు కొనే ఉద్దేశంతో చూసి వెళ్ళిన వాళ్ళు తమ కాగితాల్లో చీమల గురించి రాశారు. స్థలమంతా చీమలు, శుభ్రత లేదు అని. నువ్వులు ఆడేటప్పుడు కరుపట్టి, అంటే తాటిబెల్లం, వేస్తాం. చేదు విరుగుతుంది, నూనె తేలిగ్గా విడుతుంది. ఆ మడ్డికి చీమలు పడతాయి. అత్త దానికి ఇచ్చిన జవాబు మా ఇంట్లో సామెత అయిపోయింది: "కరుపట్టి ఏస్తే చీమ రాకుండా ఉంటాదా? మీ ప్యాకెట్టు తెరిసి పెట్టి చూడండి, చీమైనా తిరిగి చూస్తాదేమో."

నేను వెళ్ళేసరికి వాకిట్లో షామియానా వేశారు. గానుగ ఆగి ఉంది. రోట్లో నువ్వులు పూర్తిగా ఆడించాకే బావ స్విచ్చి కట్టేశాడట. ఆ నువ్వులు తిరుచ్చులి వైపు నుంచి వచ్చిన ఒక రైతు పెద్దమ్మవి. ఆమె ఇంటికి పోలేదు. నూనె గిన్నె ఎండలో పెట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. కంపెనీ మనిషి కూడా పెద్ద దండ తెచ్చి అత్త పాదాల దగ్గర పెట్టి, ఒక పక్కకు నిలబడ్డాడు. బావ అతన్ని చూసి తల ఊపాడు. ఆ ఊపుడు చూసి, సంతకం అయిపోయినట్టే అనుకున్నాను.

కడసారి తలంటు పోసే వేళయింది. పుట్టింటి తరఫున మొదటి నూనె తల మీద పెట్టాల్సింది నేను. పక్కన శీకాయ పొడి, పసుపు, నీళ్ళ బిందెలు. కోయంబత్తూరు నుంచి వచ్చిన అత్త మరిది కొడుకు ఒకడు, దహనం సామాన్లు తేవడానికి బజారుకు వెళ్ళినవాడు, నూనె ప్యాకెట్టు మూల కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

తెల్లటి ముఖంతో అవ్వ నన్ను చూసి నవ్వుతోంది.

"ఇదేంది?" అన్నాను.

"మన నూనే కదా వదినా! మన అవ్వ మార్కు" అన్నాడు. పాపం, గర్వంగానే అన్నాడు. ఇంట్లో వాళ్ళ పేరున్న నూనె ఇంటి పెద్దావిడ తలకు కాకపోతే మరెవరి తలకు అనుకున్నాడు. అతని తండ్రే దాన్ని అమ్మినవాడు. ఆ సంగతి కొడుక్కి చెప్పినట్టు లేడు. తండ్రి పందిరి గుంజ పక్కన నేల చూపులు చూస్తున్నాడు.

"ఈ నూనె అత్త తల మీద పడదు" అన్నాను.

పెద్దలు కసురుకున్నారు. పొద్దు వాలుతోంది, నూనె నూనే, పోయిన తలకు రుచేం తెలుస్తుంది అన్నారు. నా గొంతు నాకే తెలియనంత పెద్దగా వచ్చింది. "పోయిన తలే. కానీ ఆ కంపెనీ ముందు వంగకుండా పోయిన తల. దీన్ని పోసి ఇప్పుడు వంచుతారా?"

 అప్పుడు ఆ రైతు పెద్దమ్మ లేచింది. ఎండలోంచి గిన్నె రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది.

"ఇది తీసుకోండి అమ్మణీ. ఆమె పొయ్యేప్పుడు గానగలో ఉండినది ఇదే."

"వద్దు పెద్దమ్మా, అది నీది. గిరాకీ నూనె ముట్టాకు అంటాది అమ్మ" అన్నాడు బావ.

"ముట్టాకు అన్నోళ్ళు ఆమె కద. ముట్టు అని నేను చెప్తా ఉండాను. తలకు పొయ్యి."

బావ ముందుకొచ్చాడు. గిన్నెలో చేతులు ముంచి, దోసిలి నిండా తీసి నా దోసిట్లో పోశాడు. ఎండకు వెచ్చగా ఉంది. ఇంకా తేరుకోని నూనె, అడుగున మడ్డి, తాటిబెల్లం వాసన. నేను అత్త నడినెత్తిన పోశాను. తెల్లజుట్టులో ఇంకి, నుదుటి మీదుగా చెవి పక్క నుంచి జారి, కింది బండ మీద బొట్లుబొట్లుగా పడింది. నా వెనక బావ, బావ వెనక కోడలు. అత్తతో ఏనాడూ సరిపడని ఆ కోడలు తలంతా నిమురుతూ నూనె రాసి, అప్పుడు భోరుమంది. నేను కూడా అప్పుడే ఏడ్చాను. మరిది కొడుకు వచ్చి చెయ్యి చాపాడు. అతని చేతిలోనూ నూనె పోశాను. అత్త తల మీద పోసే ముందు, ఎందుకో తెలియదు, అతను వేలితో కొంచెం తీసి నాకి చూశాడు. వెళ్ళి ఆ ప్యాకెట్టు తీసి చెత్తబుట్టలో వేశాడు. కంపెనీ మనిషి అదంతా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఉదయం శ్మశానంలో చితి బూడిద మీద పాలు పోసి వచ్చాం. అత్తను పడుకోబెట్టిన బండ దగ్గర చీమల బారు కనిపించింది. బండ మీది నూనె మరక నుంచి వాకిలి దాటి, గోడ వెంబడి, షెడ్డులో గానుగ రోటి దాకా. చీపురు పట్టుకుని వచ్చిన కోడలు దాన్ని చూసి ఆగి, చీపురు గోడకు ఆనించేసింది.

పదవ రోజు దాకా ఆగుతాడనుకున్నాను. ఆగలేదు, ఆ పొద్దుటే వచ్చాడు కంపెనీ మనిషి. పైవాళ్ళు తొందరపెడుతున్నారని, తనకు బాధగానే ఉందని, అమ్మగారంటే తనకు గౌరవమని మెత్తటి తమిళంలో చెప్పాడు. అబద్ధం కాదేమో కూడా. సంచీలోంచి కాగితాలు తీశాడు. నేను బావ ముఖం చూడలేక గోడ మీది అవ్వ ఫోటో వైపు చూస్తూ నిలబడ్డాను.

బావ గానుగ దగ్గర వంగి ఏదో చేస్తున్నాడు. కుంటుకుంటూ లేచి వచ్చి, అతని ముందు రెండు చేతులూ చాపాడు. మోచేతుల దాకా నూనె.

"చేతులకు నూనె సార్" అన్నాడు.

 తిరిగి వెళ్ళి స్విచ్చి వేశాడు. రోకలి కదిలింది, రోలు మూలిగింది. రోట్లో నువ్వులు పోస్తూనే వెనక్కి తిరక్కుండా కేకేశాడు, "చీమలను తొక్కకుండా పోండి."

కాగితాలు చేత్తో పట్టుకుని, ఎక్కడ అడుగు వేయాలా అని నేల వెతుక్కుంటూ, అతను చాలాసేపు అక్కడే ఒంటికాలి మీద నిలబడ్డాడు.